పదివేల బల్లల విందు

‘కాసులూ కుర్చీలూ’ ధారావాహిక: ఏడవ భాగం

క్రీ.పూ. 70లో రోమ్ నగరంలో ఒక విందు జరిగింది. పెట్టినవాడు ఆ ఏటి ఇద్దరు కాన్సల్‌లలో ఒకడైన మార్కస్ లిసినియస్ క్రాసస్. మామూలు రోజుల్లో కాన్సల్ పదవికి మించిన పదవి ఆ రాజ్యంలో లేదు. ఏటా ఇద్దర్ని ఎన్నుకుంటారు, ఏడాది కాగానే ఇద్దరూ దిగిపోతారు. క్రాసస్ తన సొత్తులో పదోవంతు హెర్క్యులిస్ దేవుడి పేర తీసి, పదివేల బల్లలు వేయించి ఊరందరికీ భోజనాలు పెట్టాడు. అది చాలదన్నట్టు ఒక్కొక్క పౌరుడికీ మూడు నెలలకు సరిపడా తిండిగింజలు సొంత ఖర్చుతో పంచాడు. ఈ వివరాలు మనకు అందించినవాడు గ్రీకు రచయిత ప్లూటార్క్. ఆ విందు జరిగిన నూటడెబ్బై ఏళ్ళు దాటాక రాశాడు.

రోమన్లు బల్ల చుట్టూ మూడు మంచాలు వేసుకుని, మంచానికి ముగ్గురు చొప్పున ఒరిగి కూర్చుని తినేవారు. ఆ లెక్కన పదివేల బల్లలంటే తొంభై వేల మంది. ప్లూటార్క్ చెప్పిన పదివేలు గుండుగుత్త లెక్కే కావచ్చు గాని, ఇరవై నాలుగేళ్ళ తర్వాత జూలియస్ సీజర్ యుద్ధాలన్నీ గెలిచొచ్చి, తాను దోచుకొచ్చిన సొమ్ముతో విందు పెడితే లేచినవి 22,000 బల్లలు. క్రాసస్‌ది ఒక్కడి సొంత డబ్బు.

ఇది చదవగానే ఎవరికైనా తట్టేది ఒకటే: ఓట్ల కోసం పెట్టి ఉంటాడు. కానీ తేదీలు అలా చెప్పడం లేదు. ఎన్నిక జరిగింది 71లో. విందు 70లో, గెలిచి కుర్చీ ఎక్కిన తర్వాత. మళ్ళీ అతను కాన్సల్ పదవికి నిలబడటానికి దాదాపు పదిహేనేళ్ళు పట్టింది. పైగా ఆ గింజలు మూటగట్టుకుని ఇంటికి పోయిన పేదవాళ్ళ ఓటుకు కాన్సల్ ఎన్నికలో దాదాపు విలువే లేదు. అదెలాగో చెబుతాను. అంతకుముందు ఆ డబ్బు ఎక్కడిదో చూడాలి.

కాలే కొంపల బేరం

క్రాసస్ పుట్టింది పేదింట్లో కాదు, అలాగని కుబేరుడి ఇంట్లోనూ కాదు. తండ్రి పబ్లియస్ 97లో కాన్సల్‌గా, 89లో సెన్సర్‌గా చేశాడు. అంత హోదా ఉన్నా కాపురం చిన్న ఇంట్లోనే. ముగ్గురు కొడుకులూ, పెళ్ళిళ్ళయిన వాళ్ళతో సహా, అమ్మానాన్నలతో కలిసి ఒకే బల్ల దగ్గర తినేవారట. ఒక అన్న పోతే అతని భార్యనే మార్కస్ పెళ్ళాడాడు. 87లో మేరియస్, సిన్నాల వర్గం రోమ్‌ను పట్టుకున్నప్పుడు తండ్రీ, మిగిలిన సోదరుడూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. మార్కస్ ముగ్గురు స్నేహితులతో, పదిమంది బానిసలతో స్పెయిన్‌కు పారిపోయి సముద్రం ఒడ్డున ఒక గుహలో ఎనిమిది నెలలు దాక్కున్నాడు. ఆ నేల యజమాని విబియస్ రోజూ ఒక బానిసతో భోజనం పంపించేవాడు. బండ మీద పెట్టి వెనుదిరిగి పోవాలి, లోపల ఎవరున్నారో తొంగిచూస్తే చావు, మాట నిలబెట్టుకుంటే విముక్తి. ఒకరి దయ మీద ఎనిమిది నెలలు తిని బతికిన మనిషి అని గుర్తుంచుకుందాం. అతని మీద పుట్టిన కథల్లో ఈ భాగం అంతగా వినిపించదు.

సిన్నా చచ్చాక క్రాసస్ బయటికొచ్చి, 2,500 మందిని కూడగట్టుకుని, చివరికి సిన్నా వర్గానికి శత్రువైన సేనాని సుల్లా పక్షంలో చేరాడు. 82 నవంబరు 1న రోమ్ కొలైన్ గుమ్మం దగ్గర జరిగిన పోరులో సుల్లా ఉన్న ఎడమ పక్క చెదిరిపోతే, కుడి పక్కన క్రాసస్ గెలిచి పరువు నిలబెట్టాడు. ఆ తర్వాత సుల్లా ఏం చేశాడో గత భాగంలో చదివాం. చంపవలసినవాళ్ళ పేర్లు రాసి నడిబజారులో పెట్టించాడు, వాళ్ళ ఆస్తులు వేలం వేయించాడు. ఆ వేలంపాటల్లో అగ్గువకు కొన్నవాళ్ళలో క్రాసస్ ముందు వరసలో ఉన్నాడు. ఇటలీ దక్షిణపు కొసన బ్రుటియంలో సుల్లా చెప్పకుండానే ఒకడి పేరు జాబితాకెక్కించి ఆస్తి కాజేశాడనే అపవాదు కూడా వచ్చింది. అప్పట్నుంచి సుల్లా అతనికి రాజ్యం పని ఏదీ అప్పజెప్పలేదంటారు. వందల తలలు నరికించిన సుల్లాకే రోత పుట్టిందంటే ఆలోచించండి.

ఇక ఇళ్ళ వ్యాపారం. రోమ్‌లో సామాన్యులు ఉండేవి అంతస్తుల మీద అంతస్తులు లేపిన ఇరుకు ఇళ్ళు. పై అంతస్తులు ఎక్కువగా కొయ్యవి. నిప్పంటుకోవడమో, కూలిపోవడమో నిత్యకృత్యం. నగరానికి సరైన అగ్నిమాపక దళం వచ్చింది క్రీ.శ. 6లో, అగస్టస్ చక్రవర్తి కాలంలో. క్రాసస్‌కు సొంత అగ్నిమాపక దళం ఉండేదనీ, బేరం కుదిరేదాకా నీళ్ళు కొట్టించేవాడు కాదనీ ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. ప్లూటార్క్ ఆ మాట ఎక్కడా అనలేదు. ఆయన చెప్పింది వేరు. నిర్మాణం పనులు తెలిసిన బానిసల్ని క్రాసస్ 500 మందికి పైగా కొన్నాడు. ఎక్కడైనా మంటలు లేస్తే కాలుతున్న ఇంటినీ, దాని చుట్టుపక్కల ఇళ్ళనూ బేరమాడేవాడు. ఇల్లు ఎలాగూ పోతుందనే భయంలో యజమానులు వచ్చినకాడికి అమ్మేసేవారు. అలా రోమ్‌లో చాలా భాగం అతని చేతికొచ్చింది. అంతమంది కట్టేవాళ్ళు చేతిలో ఉన్నా తనకంటూ కట్టుకున్నది ఒక్క ఇల్లే. కట్టే పిచ్చి ఉన్నవాణ్ణి నాశనం చేయడానికి వేరే శత్రువు అక్కర్లేదని అనేవాడట.

వెండి గనులూ, పొలాలూ ఉన్నాయి గాని, ప్లూటార్క్ దృష్టిలో అతని అసలు ఆస్తి బానిసలు. చదివిపెట్టేవాళ్ళు, రాతగాళ్ళు, వెండిపనివాళ్ళు, గుమాస్తాలు, వడ్డన చేసేవాళ్ళు. వాళ్ళకు శిక్షణ ఇప్పించడం తనే దగ్గరుండి చూసుకునేవాడు. మనుషుల్ని కొని, పని నేర్పి, విలువ పెంచడం. ఆనాటి రోమన్‌కు ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ కనిపించలేదు.

300 టాలెంట్లతో మొదలుపెట్టి 7,100 టాలెంట్లకు చేరాడు. ఒక టాలెంట్ సుమారు 26 కిలోల వెండి, అంటే 6,000 డినేరియస్ నాణేలు. ఒక కాలిబంటు ఏడాది జీతం ఆ రోజుల్లో 112 డినేరియస్‌ల చిల్లర. ఒక టాలెంట్‌ను వేతనంగా అందుకోవాలంటే సిపాయి యాభై ఏళ్ళకు పైగా కొలువు చేయాలన్నమాట. (ఈ డినేరియస్‌లు మనకు తెలియనివి కావు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల కుప్ప ఇవే. అయితే అవి క్రాసస్ తర్వాతి తరాల అగస్టస్, టైబీరియస్ కాలానివి.) సొంత డబ్బుతో సైన్యాన్ని పోషించలేనివాణ్ణి ధనికుడనకూడదు అని క్రాసస్ అనేవాడట. డబ్బును ఏ తూకంతో తూచేవాడో ఆ మాటే చెబుతుంది.

వడ్డీ లేని అప్పు

ఇంత ఆస్తిపరుడి గుమ్మం ఎప్పుడూ తెరిచే ఉండేది. విందులకు పిలిచేది ఎక్కువగా మామూలు జనాన్ని. భోజనం ఆడంబరంగా ఉండదు, శుచిగా, ఆప్యాయంగా ఉంటుంది. వీధిలో ఎంత చిన్నవాడు పలకరించినా పేరు పెట్టి బదులు పలికేవాడు. పెద్దమనుషుల పక్కన పేర్లు అందించడానికే ఒక బానిస నడవడం ఆ ఊరి పద్ధతి, కాబట్టి ఇందులో అంత వింతేమీ లేదు. కోర్టులో వాదించే పని మాత్రం నిజంగా శ్రమపడి చేసేవాడు. సేనాని పాంపే, సీజర్, వక్త సిసిరో లాంటివాళ్ళు మనకెందుకులే అని వెనకాడిన కేసుల్ని కూడా తీసుకునేవాడు.

వీటన్నిటికంటే పెద్ద మేలు, స్నేహితులకు వడ్డీ లేకుండా అప్పివ్వడం. గడువు రోజున మాత్రం అణా పైసలతో వసూలు చేసేవాడు. ఆ ఉచితం వడ్డీ కంటే బరువుగా ఉండేదని ప్లూటార్క్ వ్యాఖ్య. నా మటుకు నాకు క్రాసస్ చరిత్ర మొత్తానికి తాళంచెవి ఇక్కడే ఉందనిపిస్తుంది. ఊరంతా చూసిన పదివేల బల్లల విందు అతనికి తెచ్చిపెట్టింది తక్కువ. ఎవరూ చూడకుండా ఇచ్చిన అప్పులు తెచ్చిపెట్టింది ఎక్కువ.

ఇచ్చి పుచ్చుకోవడంలో అతని తీరు చెప్పే చిన్న కథలు రెండు ఉన్నాయి. అలెగ్జాండర్ అనే తత్త్వవేత్త ఎప్పుడూ అతని వెంట ఉండేవాడు. ప్రయాణాల్లో తోడు వచ్చేది ఆయనొక్కడే. బయల్దేరేటప్పుడు ఆయనకు కప్పుకోవడానికి ఒక వస్త్రం ఇచ్చేవాడు, తిరిగి ఇల్లు చేరగానే దాన్ని అడిగి పుచ్చుకునేవాడు. రెండో కథ లిసినియా అనే ఆమెది. ఆమె వెస్టా దేవత అగ్నిని కాపాడే కన్యల్లో ఒకరు. వాళ్ళు వ్రతభంగం చేస్తే సజీవంగా పాతిపెడతారు. క్రాసస్ ఆమె చుట్టూ తిరుగుతున్నాడని ఒకడు ఫిర్యాదు చేశాడు. విచారణలో తేలింది ఏమిటంటే, ఊరి శివార్లలో ఆమెకున్న తోట ఇంటిని చవగ్గా కొట్టేయాలని అతను వెంటపడుతున్నాడు! అతని ధనాశే ఇద్దర్నీ గట్టెక్కించింది. కేసు కొట్టేశాక కూడా ఆ ఇల్లు చేతికొచ్చేదాకా అతను ఆమెను వదల్లేదు.

ఎవరి ఓటు ఎంత

73లో స్పార్టకస్ నాయకత్వంలో బానిసలు తిరగబడ్డారు. పంపిన సైన్యాలన్నీ ఓడిపోతుంటే ఆ పని క్రాసస్ నెత్తికెత్తుకున్నాడు. భయపడి పారిపోయిన 500 మందిని పదేసి మందిగా విడదీసి, పదికి ఒకణ్ణి చీటీ తీసి, మిగతా సైన్యం కళ్ళ ముందు చంపించాడు. 71లో స్పార్టకస్ పడిపోయాక, ప్రాణాలతో చిక్కిన 6,000 మందిని కాపువా నుంచి రోమ్ దాకా దారి పొడవునా శిలువ వేయించాడు. మరుసటి ఏడు అదే మనిషి అందరికీ పంక్తి వేసి అన్నం పెట్టాడు.

ఆ గెలుపు కూడా పూర్తిగా అతనికి దక్కలేదు. స్పెయిన్ నుంచి తిరిగొస్తున్న పాంపే, పారిపోతున్న 5,000 మందిని దారిలో నరికి, క్రాసస్ యుద్ధం గెలిచాడు గాని వేళ్ళు పెకలించింది నేనేనని సెనేట్‌కు ఉత్తరం రాశాడు. పాంపేకు రథం మీద విజయోత్సవం. బానిసల మీద గెలుపు గెలుపు కాదు కాబట్టి క్రాసస్‌కు అంతకు తక్కువ రకం ఊరేగింపు. పాంపేను అందరూ ‘మహా పాంపే’ అనేవారు. మహా పాంపే వస్తున్నాడని ఎవరో అంటే, క్రాసస్ నవ్వి, ఏమాత్రం ఉంటాడేమిటి అని అడిగాడట. లోపల ఎంత మండేదో ఆ నవ్వులోనే ఉంది.

అయినా 71 ఎన్నికలో క్రాసస్ వెళ్ళి సాయం అడిగింది ఆ పాంపేనే. ఆ కాలపు నియమాల ప్రకారం పాంపే అసలు పోటీకే అర్హుడు కాదు. వయసు చాలదు, కింది పదవులు ఒక్కటీ చేయలేదు. కానీ సైన్యం ఊరి బయట ఉంది. క్రాసస్ సైన్యమూ దగ్గర్లోనే ఉంది. నాకు ఈ పదవి ఎంత సంతోషమో క్రాసస్‌ను జోడీగా ఇవ్వడం అంతే సంతోషమని పాంపే సభలో చెప్పాడు. ఇద్దరూ గెలిచారు.

ఇప్పుడు ఆ ఎన్నిక ఎలా జరుగుతుందో చెప్పాలి. అభ్యర్థులు సుద్దతో తెల్లగా మెరిసేలా చేసిన అంగవస్త్రం కట్టుకుని బజారులో తిరుగుతారు. ఓటింగ్ ఊరి బయట మార్స్ మైదానంలో. 139 నుంచి రహస్య బ్యాలెట్టే, మైనం పూసిన పలక మీద పేరు గీసి వేయాలి. పైకి చూస్తే ఎంతో బాగుంది. కానీ మనిషికో ఓటు లెక్క కాదు. పౌరులందర్నీ ఆస్తిని బట్టి 193 దళాలుగా విభజించారు, దళానికి ఒక ఓటు. అశ్విక శ్రేణికి 18, ఆస్తిలో మొదటి తరగతికి 70. రెండూ కలిపితే 88. ఆధిక్యానికి కావలసినది 97. ఆస్తి లేని పేదలందరికీ కలిపి, వాళ్ళెన్ని వేలమంది అయినా, ఒకే ఒక్క దళం, అదీ అట్టడుగున. పై నుంచి కిందికి పిలుచుకుంటూ వస్తారు, ఆధిక్యం రాగానే లెక్క ఆపేస్తారు. పేదల దాకా పిలుపు రావడం అరుదు.

ఓటు రహస్యమైనా దళం ఎటు వేసిందన్నది బహిరంగం. అందుకే డబ్బు మనిషికి కాక మూకకు కట్టేవారు. దళాల వారీగా, తెగల వారీగా పంపకం చేసే దళారులు వృత్తిగా ఉండేవారు. సొమ్ము మధ్యవర్తి దగ్గర దాచి, ఫలితం చూశాక పంచేవారు. క్రాసస్ విందు పెట్టిన 70లోనే దీనికి చక్కటి సాక్ష్యం ఉంది. సిసిలీని దోచుకొచ్చిన వెర్రెస్ మీద కేసు నడుపుతున్న సిసిరో, అదే ఏడు ఈడైల్ అనే నగర పదవికి నిలబడ్డాడు. అతన్ని ఓడించడానికి వెర్రెస్ సిసిలీ డబ్బు బుట్టలు ఎత్తి, అన్ని తెగల దళారుల్నీ రాత్రిపూట ఇంటికి పిలిపించాడనీ, ఒకడు ఐదు లక్షల సెస్టర్స్ నాణేలకు ఒప్పుకున్నాడనీ సిసిరో నిండు కోర్టులో చెప్పాడు. ఆ డబ్బు పారలేదు, సిసిరో గెలిచాడు.

మరి క్రాసస్ ఎవరికోసం పెట్టినట్టు? మొదటిది, హెర్క్యులిస్‌కు పదోవంతు ఇవ్వడం రోమ్‌లో పాత ఆచారం. లాభం వచ్చిన వ్యాపారులూ, గెలిచొచ్చిన సేనానులూ ఇచ్చేవారు. ఆ దేవుడి పెద్ద బలిపీఠం టైబర్ పక్కన పశువుల సంతలో ఉండేది, అంటే బేరసారాల నడుమనే. క్రాసస్‌కు ముందు సుల్లా కూడా ఇలాగే పదోవంతు తీసి విందు పెట్టాడు. ఎంత మిగిలిందంటే రోజూ మాంసం తీసుకెళ్ళి నదిలో పారేశారట. ఆ తర్వాత పెట్టే విందు అంతకు తగ్గితే పరువు నిలబడదు.

రెండోది, ఇలాంటిచోట పిసినారితనం చూపిస్తే జనం క్షమించరు. 129లో సేనాని స్కిపియో చనిపోయినప్పుడు జరిగిన విందుకు పరుపులు, పాత్రలు ఏర్పాటు చేయమని అతని మేనల్లుడు ట్యుబెరోను అడిగారు. అతను పొదుపే పుణ్యమని నమ్మిన మనిషి. కొయ్య మంచాల మీద మేకతోళ్ళు పరిపించి, మట్టిపాత్రలు పెట్టించాడు. అంత పెద్ద వంశంలో పుట్టీ తర్వాత ప్రీటర్ అనే పదవి ఎన్నికలో ఆ మేకతోళ్ళ దెబ్బకే ఓడిపోయాడని సిసిరో చెబుతాడు. విందుకు వచ్చేది పేదలొక్కరే కాదు, ఓటుకు విలువున్నవాళ్ళూ వచ్చి కూర్చుంటారు, చూస్తారు, గుర్తుంచుకుంటారు.

మూడో కారణం నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. 70లో క్రాసస్, పాంపే కలిసి చేసిన పెద్ద పని ఒకటే. ప్రజల తరఫున ఉండే ట్రిబ్యూన్ అనే అధికారులకు సుల్లా పీకేసిన అధికారాలు తిరిగి ఇచ్చారు. అంటే ట్రిబ్యూన్లు మళ్ళీ నేరుగా జనం ముందుకు చట్టాలు తేవచ్చు. చట్టాలు చేసే సభలో డబ్బున్న దళాల లెక్క లేదు, 35 తెగల లెక్క. ఊళ్ళో ఉండే జనం గుమికూడితే అక్కడ వాళ్ళ మాట చెల్లుతుంది. తిండిగింజలకు అప్పుడు విలువ కూడా ఎక్కువ. సముద్రపు దొంగల వల్ల ఓడలు సరిగ్గా రావడం లేదు. 75లో గింజల కరువుతో జనం వీధిలో కాన్సల్‌ల మీదనే పడ్డారు. 73 చట్టం చవక ధరకు నెలకు ఐదు మోడీలు, మన తూకంలో సుమారు 33 కిలోల గోధుమలు, ఇప్పించింది గాని అందింది కొందరికే. అలాంటి సమయంలో మూడు నెలల గింజలు! గుంపు బలం పెరిగిన ఏడే గుంపుకు అన్నం పెట్టడం యాదృచ్ఛికం అనుకోను.

కానీ ఆ పెట్టుబడి లాభం ఎవరికి వెళ్ళింది? 67లో ఒక ట్రిబ్యూన్ చట్టం తెచ్చాడు, సముద్రపు దొంగల్ని అణచే సర్వాధికారం పాంపేకు. 66లో ఇంకొకడు, తూర్పు దేశాల యుద్ధం మొత్తం పాంపేకు. క్రాసస్ అన్నం తిన్న ఊరు పాంపే పేరు చెప్పి అరిచింది. గింజలు మూడు నెలల్లో అయిపోతాయి. పాంపే సముద్రం బాగుచేశాడు, గింజల ధర ఒక్కసారిగా దిగింది.

కొమ్ముకు గడ్డి

65లో క్రాసస్ సెన్సర్‌గా ఎన్నికయ్యాడు. జనాభా లెక్క తీయడం, సెనేట్ జాబితా సరిచూడటం ఆ పదవి పని. తోటి సెన్సర్ కాటులస్‌తో ఒక్క విషయంలోనూ పొత్తు కుదరక, లెక్క తీయకుండానే ఇద్దరూ దిగిపోయారు. పదవుల్లో అతను చేసింది తక్కువే. పదవి లేనప్పుడు మాత్రం అతని మాటకు తిరుగుండేది కాదు.

63లో ప్రభుత్వాన్ని పడగొట్టాలని కాటిలైన్ పన్నిన కుట్ర బయటపడింది. టార్క్వినియస్ అనేవాణ్ణి పట్టుకొచ్చి సెనేట్‌లో ప్రశ్నిస్తే, కాటిలైన్ దగ్గరికి నన్ను పంపింది క్రాసస్ అన్నాడు. అబద్ధం, అబద్ధం అని నాలుగు పక్కల నుంచీ కేకలు. ఆ మాట చెల్లదని తీర్మానించి, చెప్పినవాణ్ణే కొట్లో పెట్టారు. అలా కేకలు వేసినవాళ్ళు ఎందుకు వేశారో చరిత్రకారుడు సాలస్ట్ రాశాడు. కొందరు నమ్మలేదు, కొందరు నిజమే అనుకున్నా అంత బలవంతుణ్ణి కదిలిస్తే ప్రమాదమని ఊరుకున్నారు, చాలామంది మాత్రం సొంత లావాదేవీల్లో అతనికి కట్టుబడి ఉన్నవాళ్ళు. బాకీ ఉన్నవాడి ఓటు కొనక్కర్లేదు.

సిసినియస్ అనే ఒక ట్రిబ్యూన్ పెద్దపెద్ద అధికారుల్నందర్నీ నోటికొచ్చినట్టు తిట్టేవాడు. క్రాసస్‌నెందుకు వదిలావయ్యా అంటే, అతని కొమ్ముకు గడ్డి ఉంది అన్నాడు. పొడిచే ఎద్దు కొమ్ముకు గడ్డి చుట్టి దారినపోయేవాళ్ళను హెచ్చరించడం రోమన్ల అలవాటు.

సీజర్‌తో లావాదేవీ కూడా ఇలాగే మొదలైంది. 61లో సీజర్ స్పెయిన్ పాలనకు బయల్దేరుతుంటే అప్పులవాళ్ళు సామాన్లు కదలనివ్వలేదు. క్రాసస్ ముందుకొచ్చి 830 టాలెంట్లకు జామీను ఉన్నాడు. తన ఆస్తిలో తొమ్మిదోవంతు దాకా ఒక్క మనిషి మీద పెట్టాడన్నమాట. 59లో సీజర్ కాన్సల్ అయ్యాడు. ఆసియా రాష్ట్రం పన్నుల గుత్త ఎక్కువకు పాడి నష్టపోయిన గుత్తేదారులు రెండేళ్ళుగా తగ్గించమని మొత్తుకుంటున్నారు, వాళ్ళ వెనక ఉన్నది క్రాసస్. సీజర్ రాగానే గుత్తలో మూడోవంతు మాఫీ అయింది. లక్షమందికి గింజలు పంచినా రానిది ఒక్క జామీనుతో వచ్చింది.

55: డబ్బుకు బదులు కర్రలు

56లో సీజర్, పాంపే, క్రాసస్ మళ్ళీ ఒప్పందం చేసుకున్నారు. 55కి పాంపే, క్రాసస్ కాన్సల్‌లు, ఆ తర్వాత ఒకరికి స్పెయిన్, ఒకరికి సిరియా. ఈ పేర్లు వినగానే పోటీదారులు తప్పుకున్నారు. లూషియస్ డొమిటియస్ ఒక్కడు, బావమరిది కేటో ప్రోద్బలంతో నిలబడ్డాడు. ఎన్నికను సాగదీసి, సాగదీసి 55లోకి తెచ్చారు. ఈలోగా క్రాసస్ కొడుకు పబ్లియస్ వెంట సీజర్ సిపాయిలు సెలవు మీద ఊళ్ళోకి దిగారు. ఎన్నిక నాడు తెల్లవారకముందే దివిటీలతో డొమిటియస్ మైదానానికి బయల్దేరాడు. దారిలో మాటు వేసినవాళ్ళు మీదపడి దివిటీ పట్టినవాణ్ణి చంపారు, కేటో చేతికి గాయమైంది, డొమిటియస్ ఇంటికి పరుగెత్తాడు. పాంపే, క్రాసస్ గెలిచారు. తర్వాత రాష్ట్రాల పంపకం మీద జరిగిన గొడవలో, ఎదురు మాట్లాడిన లూషియస్ అనలియస్ అనే సెనేటర్ మొహం మీద క్రాసస్ తన పిడికిలితోనే గుద్దాడు. రక్తం కారుతూ అతను బయటికి పోయాడు.

పదిహేనేళ్ళ కింద బల్లలు వేసి వడ్డించిన మనిషికి ఈసారి వడ్డన ఊసే లేదు. ఆ ఏడు ఊరికి వినోదం పంచింది కూడా పాంపేనే. రోమ్‌లో మొట్టమొదటి శాశ్వత రాతి నాటకశాల కట్టించి, ఏనుగులతో సహా ఆటలు ఆడించాడు.

క్రాసస్ మాత్రం అదే ఏడు ఒక చట్టం చేయించాడు. ఎన్నికల కోసం మనుషుల్ని సంఘాలుగా కూర్చి డబ్బు పంచడాన్ని నేరంగా చేసే చట్టం, అతని వంశం పేరుతోనే చరిత్రలో నిలిచింది. నవ్వు రావడం సహజం గాని, అందులో లెక్క ఉంది. డబ్బు పంచే యంత్రాంగాలు నలుగురి చేతుల్లో ఉంటే ధర పెరుగుతుంది, తన డబ్బుకున్న విలువ పడిపోతుంది. అంతకుముందు కూడా చట్టాలు లేక కాదు. 67 చట్టం లంచం ఇచ్చి గెలిచినవాణ్ణి సెనేట్ నుంచి తీసేసి, మళ్ళీ పోటీకి పనికిరాకుండా చేసింది. 63లో సిసిరో దానికి పదేళ్ళ దేశబహిష్కారం చేర్చాడు.

55 నవంబరులో క్రాసస్ సిరియాకు ప్రయాణమయ్యాడు. పాంపేకూ సీజర్‌కూ ఉండి, అరవై ఏళ్ళ వయసులో తనకు లేనిది యుద్ధంలో పెద్ద గెలుపు ఒక్కటే, దానికోసం తూర్పున ఉన్న పార్థియన్ల మీదికి. వెళ్ళేముందు కూర్చుని ఆస్తి లెక్క చూసుకున్నాడు. పైన చెప్పిన 7,100 టాలెంట్లు అప్పుడు తేలినవే. ఆ యుద్ధం కథ వచ్చే భాగంలో.

అతను ఊరు విడిచాక జరిగిన మొదటి కాన్సల్ ఎన్నిక సంగతి చెప్పి ఆపుతాను. 54లో నలుగురు పోటీ పడ్డారు. చీటీలో మొదట పిలుపు వచ్చే దళం ఎటు వేస్తే మిగతావి అటే మొగ్గుతాయని, ఆ ఒక్క దళానికే కోటి సెస్టర్స్‌ల దాకా ఇస్తామన్నారని సిసిరో తమ్ముడికి రాశాడు. రోమన్లు కూడా మన పల్లెల్లో లాగే వడ్డీని నూటికి నెలకింత అని కట్టేవారు. నూటికి మూడోవంతు ఉన్న వడ్డీ జూలై నడుమకల్లా మూడింట రెండు వంతులకు లేచింది, మన బ్యాంకుల లెక్కలో ఏడాదికి 4 శాతం కాస్తా 8 శాతం. ఓట్లకు కావలసిన రొక్కం కోసం ఊళ్ళో అంత గిరాకీ. నలుగురి మీదా లంచం కేసులు పడ్డాయి. ఎన్నిక వాయిదా మీద వాయిదా పడి ఏడాది దాటింది, రోమ్‌కు కాన్సల్ లేకుండానే 53 సగం గడిచింది. చివరికి ఆ జూలైలో ఓటింగ్ జరిగి, కేసుల్లో ఉన్న ఇద్దరే, డొమిటియస్ కాల్వినస్, మెస్సాలా, గెలిచి కుర్చీ ఎక్కారు. అప్పటికి క్రాసస్ పార్థియన్లతో యుద్ధంలో కర్హే అనే ఊరి దగ్గర చనిపోయి నెలయింది.